వెనక్కి తగ్గడమూ విద్యే

ఫోటోగ్రఫీలో పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

కెమెరా ఎలా పట్టాలో మీ గురువులు నేర్పారు. దాన్ని ఎప్పుడు దించాలో నాకు నేర్పినవి మాత్రం ఇసుకలో పుట్టే పక్షిపిల్లలు. ఈ రోజు వాటి గురించే మాట్లాడతాను.

అమెరికాలో అట్లాంటిక్ తీరాన, మహాసరస్సుల ఒడ్డున పైపింగ్ ప్లోవర్ అనే చిన్న పిట్ట ఉంటుంది. ఇసుకలో గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. ఆలుమగలు వంతులేసుకుని దాదాపు నాలుగు వారాలు పొదుగుతాయి. పుట్టిన పిల్ల ఆరు గ్రాములు తూగుతుంది. కొన్ని గంటల్లోనే లేచి పరుగెత్తి, తడి ఇసుకలో పురుగుల్ని తనే ఏరుకుంటుంది. కడుపు నింపుకోగలదు గానీ ఒంట్లో వేడి నిలుపుకోలేదు. కాసేపు మేయడం, తల్లి రెక్కల కిందో తండ్రి రెక్కల కిందో దూరి వెచ్చబడటం, మళ్లీ మేతకు పరుగెత్తడం. ఎగరడానికి నెల రోజులు పడుతుంది.

అప్పుడు మనం కెమెరాతో దగ్గరికి జరిగామనుకోండి. తల్లి కూత పెడుతుంది. పిల్లలు ఎక్కడివక్కడ ఇసుకకు అతుక్కుపోతాయి. వాటి రంగూ ఇసుక రంగే. కాలిగుర్తు గుంటలో నక్కిన పిల్లను తొక్కేసినా మనకు తెలియదు. తల్లి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మనల్ని తన వైపు తిప్పుకుంటుంది. మంచి షాట్ దొరికిందని మనం సంబరపడతాం. పిల్లల కోసం అది తన ప్రాణాన్నే ఎరగా వేస్తోంది. ఆ సేపంతా పిల్లలకు మేత లేదు, వెచ్చదనం లేదు.

పద్ధతి కష్టమైనదేం కాదు. పొద్దున్నే వెళ్లి, గూళ్ల చుట్టూ కాపలాగా కట్టిన తాడుకు ఇవతలే, ఇసుక మీద బోర్లా పడుకోండి. పొడవాటి లెన్సు నేలబారుగా పెట్టి కదలకుండా ఉండండి. పిల్ల కంటి ఎత్తుకు మీ కన్ను దిగుతుంది. అది నిశ్చింతగా మేస్తుంటే మీరు సరైన చోట ఉన్నట్టు. పెద్ద పిట్ట తలెత్తి కూసిందా, వెనక్కి పాకండి. గూడు ఎక్కడుందో ఎవరికీ చాటకండి.

1986లో ఈ పిట్టకు అమెరికా చట్టం రక్షణ ఇచ్చేనాటికి మహాసరస్సుల దగ్గర మిగిలినవి సుమారు 17 జంటలే. 2019లో షికాగోలోని మాంట్రోజ్ బీచ్‌లో ఒక జంట గూడు పెట్టింది. జనం వాటికి మాంటీ, రోజ్ అని పేర్లు పెట్టుకున్నారు. వాలంటీర్లు వంతులవారీగా కాపలా కాశారు. అక్కడ జరగాల్సిన పెద్ద సంగీతోత్సవాన్ని రద్దు చేశారు. మహానగరమే పిట్టలకు దారి ఇవ్వగలిగినప్పుడు మనం పది అడుగులు వెనక్కి వేయలేమా?

మన తీతువుదీ ఈ ప్లోవర్ల కుటుంబమే. చెరువు గట్టునో బీడు పొలంలోనో వట్టి నేల మీద గుడ్లు పెడుతుంది. మన ఎండల్లో దాని పాట్లు వేరు. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మిట్టమధ్యాహ్నం మనం అక్కడే నిలబడి దాన్ని రానివ్వకపోతే గుడ్లు మాడిపోతాయి. తీతువు కూస్తే అరిష్టమంటారు. గూడు దగ్గర ఆ కూతకు అర్థం ఒక్కటే, పొమ్మని.

రేపు మీలో కొందరు వరద ఊళ్లలో, ఆసుపత్రుల్లో, శవం లేచిన ఇళ్ల ముందు కెమెరాతో నిలబడతారు. అక్కడా మీ ఎదుట ఉన్నవాళ్లు లేచి పారిపోలేరు. కొందరికి వద్దనే ఓపిక కూడా ఉండదు. ముందు అడగండి. నోరు పెగలకపోతే ముఖం చూసి గ్రహించండి. ఆఫీసులో ఫోటో ఏదని అడిగితే, తీయలేదని, ఎందుకు తీయలేదో తలెత్తి చెప్పండి.

తీయని ఫోటోకు ఎవరూ బహుమతి ఇవ్వరు. కానీ కెమెరా చూసి జనం తలుపు వేసుకోకుండా ఉండాలంటే ఆ నిగ్రహమే కావాలి. మీకు ముందు పనిచేసినవాళ్లు సంపాదించిన ఆ నమ్మకాన్ని మీ తర్వాతివాళ్లకు తరగకుండా అందించండి.