బురదను చదివేవాళ్లు కావాలి



సముద్ర జీవశాస్త్రం చదివి ఇవాళ పట్టాలు అందుకుంటున్నవాళ్లు కనుక మీతో కోరంగి గురించే మాట్లాడతాను. గోదావరి కడలిలో కలిసేచోట ఉన్న ఆ మడ అడవికి వచ్చినవాళ్లు చెట్లనూ పక్షులనూ చూసి వెళ్తారు. పోటు తీశాక బయటపడే నల్లటి బురదను పట్టించుకునేవారు తక్కువ. పైపొర దాటితే అందులో ప్రాణవాయువు దాదాపు ఉండదు. కుళ్లిన గుడ్ల వాసనవేసే సల్ఫైడ్ ఉంటుంది. అలాంటి చోట పాలీకీట్లనే పురుగులు బొరియలు తవ్వి, ఒళ్లు అలలుగా ఆడిస్తూ పై నీటిని లోపలికి తోడుకుంటాయి. నీటితోపాటు ప్రాణవాయువు బొరియ గోడలకు చేరుతుంది. అక్కడ పెరిగే సూక్ష్మజీవులు మారతాయి, రాలిన ఆకు కుళ్లే తీరూ మారుతుంది.

ఇక కంటికి సరిగా ఆనని నులిపురుగులు! 10 చదరపు సెంటీమీటర్ల బురదలో వందలు, ఒక్కోచోట వేలు. ఒకే చోట ఇన్ని జాతులు ఎలా బతుకుతాయంటే, వాటి నోళ్లు చూడండి. కొన్ని బాక్టీరియాను మింగుతాయి, కొన్ని పంటితో డయాటమ్‌లను గీరి తింటాయి, కొన్ని తోటి పురుగులనే వేటాడతాయి. 1953లో వీజర్ అనే శాస్త్రవేత్త వాటిని నాలుగు తెగలుగా విడదీసింది నోటి తీరును బట్టే.

మన తీరంలోని రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్యలకు పాలీకీట్లనూ మేపుతారు. బురదలో తవ్వి తెచ్చిన పురుగుతో రొయ్యలకు రోగమూ రావచ్చు. ఆ పురుగు ఏ జాతి, ఎక్కడిది అని అడిగేవాళ్లు ఉండాలి.

బురదలో మురుగు, రొయ్యల చెరువుల వ్యర్థం ఎక్కువైతే చాలా జాతులు తప్పుకుంటాయి, కాపిటెల్లా వంటి పాలీకీట్లు విపరీతంగా పెరుగుతాయి. పైన చెట్లు అప్పటికింకా పచ్చగానే ఉండవచ్చు. అందుకే మడ అడవి బాగుందని చెప్పడానికి నాటిన మొక్కల లెక్క ఒక్కటే చాలదని నా గట్టి అభిప్రాయం.

విశాఖలోని వాల్తేరు తీరాన ఇసుకరేణువుల సందుల్లోని జీవులను ఆచార్య పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు 1960లలోనే వర్ణించారు. ఆ విద్య మన తీరానికి కొత్త కాదు. డీఎన్ఏ పరీక్షకైనా ముందు ఎవరో ఒకరు సూక్ష్మదర్శిని కింద పురుగు ఒంటిమీది శూకాలు చూసి, జాతి తేల్చి, నమూనా భద్రపరచాలి. మీలో కొందరైనా ఆ పనికి పూనుకోండి. మిగిలినవాళ్లు ఏ శాఖలో చేరినా, మడ అడవి మీద రాసే ప్రతి నివేదికలో బురదలోని పురుగులకు చోటివ్వండి.