గడి చిరునామా

ఊరికి క్రొత్తగా వచ్చినవాడు దారి యడిగినచో మనము రెండు విధములుగా చెప్పుదుము. "ఫలానా వీథిలో పండ్రెండవ నంబరు ఇల్లు" అనుట యొకటి. "ఇక్కడి నుండి ఎడమవైపున మూడవ యిల్లు" అనుట మరియొకటి. మొదటిది ఎవరు ఎక్కడ నిలిచి విన్నను మారదు. రెండవది నిలిచిన చోటును బట్టి మారును. కంప్యూటరులోని స్ప్రెడ్‌షీటునందు గడులను పేర్కొనుటలోను ఈ భేదమే గలదు.

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారి విజికాల్క్ నిలువు వరుసలకు అక్షరములను, అడ్డు వరుసలకు అంకెలను ఇచ్చినది. ఏ1, బి2 అను ఆ పద్ధతియే నేటికిని వాడుక. 1982లో వచ్చిన మైక్రోసాఫ్టువారి మల్టీప్లాన్ రెంటికిని అంకెలే పెట్టి, ఆర్1సి1 అను పద్ధతిని చేపట్టినది. ఆర్ అనగా అడ్డు వరుస, సి అనగా నిలువు వరుస. ఎక్సెల్ రెంటిని గ్రహించును.

ఒక గడికి రెండు భాషలేల యని మీరడుగవచ్చును. నాకు ఎదురైన సంగతి చెప్పెదను. అది నలువదిమంది కూలీల జీతపు పట్టీ. బి వరుసలో పనిదినములు, సి వరుసలో జీతము, ఇ1 గడిలో దినమునకు 600 రూపాయల రేటు. రెండవ అడ్డు వరుసలో "=బి2*$ఇ$1" అని వ్రాసి క్రిందికి కాపీ చేసిరి. బి3, బి4 అని మారుచు పోయినవి. డాలరు గుర్తులు గల ఇ1 కదలలేదు. తరువాత ఎవరో దిద్దబోయి 23వ వరుసలో బి22 అని వ్రాసిరి. 26 దినములు పనిచేసిన ఒక స్త్రీకి పై వరుసవాని 19 దినముల లెక్కన, 15,600కు బదులు 11,400 రూపాయలు ముట్టినవి. పట్టీని సరిచూచినవాడను నేనే. అంకె ప్రతి వరుసలోను మారుచునే యుండుటచే బి22 నా కంటికి తప్పుగా తోచలేదు.

ఆమె వచ్చి యడిగిన పిదప, ఆర్1సి1 పద్ధతికి మార్చి సూత్రములను చూచితిని. ముప్పదితొమ్మిది వరుసలలో అక్షరము మారక ఒకే వాక్యము: "=ఆర్‌సి[-1]*ఆర్1సి5". నా యెడమ ప్రక్క గడిని, మొదటి అడ్డు వరుసలోని ఐదవ గడితో హెచ్చింపుమని దాని భావము. 23వ వరుసలో మాత్రము "=ఆర్[-1]సి[-1]*ఆర్1సి5". చదరపు బ్రాకెట్లలోని అంకె దూరమును, బ్రాకెట్లు లేని అంకె స్థిరమైన చోటును తెల్పును. నిజమునకు బి2 అని వ్రాసినప్పుడును యంత్రము గ్రహించునది "ఎడమ ప్రక్క గడి" అనియే. కావుననే కాపీలో అది మారును. ఏ1 పద్ధతి ఆ సంబంధమును దాచును, రెండవది బయటపెట్టును.

మాక్రోలు వ్రాయువారికి దీని అక్కర మరింత. మాక్రో రికార్డరు సూత్రములను ఆర్1సి1 పద్ధతిలోనే నమోదు చేయును. క్రొత్తవారు దానిని చూచి జంకుదురు. రెంటిని కలిపివేయుట ప్రమాదము. సి5 అనగా ఏ1 పద్ధతిలో ఒక్క గడి. రెండవ పద్ధతిలో ఐదవ నిలువు వరుస యంతయు!

నిత్యపు పనికి నేనిప్పటికిని ఏ1నే వాడుదును, చదువుటకు అది సులువు. జీతపు పట్టీ పంపుటకు ముందు మాత్రము ఒకమారు పద్ధతి మార్చి, సి వరుసను పై నుండి క్రిందివరకు చూచెదను. ఆ 4,200 రూపాయలు మరుసటి వారము ఆమెకు చేరినవి.