అమరావతి శిల్పములను చూడబోవు వారికి

మ్యూజియము చూడవచ్చిన వారిలో చాలమంది పెద్దవాకిట లోనికి పోయి, వరుసగా గదులన్నియు తిరిగి, కాళ్లు పీకులు పుట్టిన తరువాత వెలుపలికి వచ్చెదరు. ఇంటికి చేరిన పిమ్మట వారికి జ్ఞాపకముండునది ఏ గడియారమో, ఏ పిడిబాకో! తక్కినదంతయు తిరునాళ్లలో చూచిన ముఖములవలె కలిసిపోవును. అందుచేత నేడు ఒక్క విషయమును మాత్రమే తీసికొని, దానిని చూచుటకు ఎట్లు సిద్ధపడవలెనో మనవి చేయదలచినాను. అది అమరావతి మహాస్తూపము.

అమరావతి పేరు వినని తెలుగువారుండరు. ఆ శిల్పములను కన్నులార చూచినవారు మాత్రము తక్కువ. ఇది కేవలము మన అశ్రద్ధ కాదు. ఆ స్తూపము ఒక్కచోట లేదు. దాని దిబ్బ కృష్ణ ఒడ్డున, అమరేశ్వరస్వామి ఆలయమున్న పాత అమరావతిలో ఉన్నది. శిల్పములలో పెద్దభాగము చెన్నపట్టణములో ఉన్నది. నూరుకు పైబడిన ఫలకములు లండనులో ఉన్నవి.

ఇట్లు చెదరిన కథ పొడుగైనది, క్లుప్తముగా చెప్పెదను. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతి పట్టణమును కట్టించు రోజులలో ఆ దిబ్బను త్రవ్వి ఇటుకలు, రాళ్లు తీసినారు. ఆ వార్త విని కాలిన్ మెకంజీ వచ్చి చూచినాడు. 1816లో మరల వచ్చి, మిగిలిన శిల్పములకు చిత్రములు వ్రాయించినాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, ఏండ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసినవి. 1859లో అవి ఓడనెక్కి లండనుకు పోయినవి. 1880లో బ్రిటిష్ మ్యూజియము వశమైనవి. ఆ తరువాతి త్రవ్వకములలో దొరికినవి చాలవరకు మద్రాసు మ్యూజియమున నిలిచినవి. సున్నపుబట్టీల పాలైన రాళ్లను తలచుకొన్నచో ఓడనెక్కిన రాళ్లను గూర్చి కోపగించుటకు నోరు రాదు. అట్లని మన సొత్తు దూరదేశమున నున్నదను బాధయు పోదు.

అన్నింటికంటె ముందు అమరావతికే వెళ్లవలెను. విజయవాడ నుండి గాని, గుంటూరు నుండి గాని బస్సుపై సులభముగా పోయి, సాయంకాలమునకు తిరిగి రావచ్చును. ఉదయముననే దిబ్బయొద్దకు పొండు. ఎండ ముదిరినచో అచ్చట నిలువ శక్యము కాదు. అక్కడ చూడదగిన శిల్పము పెద్దగా లేదని కొందరు పెదవి విరిచెదరు. అది తొందరపాటు. చుట్టును ఒకసారి నడచి, ఆ వర్తులము ఎంత విశాలమో కాలితో కొలిచి చూడుడు. దాని అడ్డుకొలత సుమారు 50 మీటర్లు. ఈ కొలత మనసులో నాటుకొన్ననే గాని, తరువాత చూడబోవు ఫలకములు ఎంతటి కట్టడమునకు తొడిగిన సొమ్ములో బోధపడదు.

అటుపిమ్మట ప్రక్కనే ఉన్న పురావస్తుశాఖవారి మ్యూజియమునకు పోవచ్చును. శుక్రవారము దానికి సెలవు. ప్రవేశరుసుము స్వల్పము, 15 ఏండ్లలోపు పిల్లలకు అదియు లేదు. ఏప్రిల్ 18, నవంబరు 19 వంటి వారసత్వ దినములందు పెద్దలకు కూడ రుసుము మినహాయించు వాడుక ఉన్నది. అయితే, ఉచితముగదా యని ఆ దినముననే పోవుట మంచిదని నేననను. ఆనాడు జనము ఎక్కువగా నుందురు. ఒక రాతియెదుట పది నిమిషములు నిలుచుటకు వీలుండదు. టిక్కెట్టు డబ్బులకంటె ఆ పది నిమిషములు విలువైనవి.

ఏ ఫలకము నెట్లు చూడవలెను? స్తూపమునకు తాపడము చేసిన రాళ్లలో కొన్నింటిపై ఆ స్తూపమునే చెక్కినారు. ముందుగా అట్టి ఫలకమును వెదకుడు. అందు గుమ్మటము, చుట్టును ప్రాకారము, వాకిలి యెదుట వరుసగా నిలిచిన ఐదు స్తంభములు కనబడును. ఆ ఐదింటిని ఆయక స్తంభములందురు. ఆంధ్రదేశపు స్తూపములకు అవి ప్రత్యేక లక్షణము. ఇందాక కాలితో కొలిచిన దిబ్బ ఒకప్పుడెట్లుండెడిదో శిల్పియే మీకు చూపుచున్నాడన్నమాట. పిల్లలను వెంటబెట్టుకొని పోయినవారు "ఐదు స్తంభములు ఎక్కడున్నవో కనిపెట్టుడు" అని వారిని వదలిపెట్టిన చాలును, ఉపన్యాసములతో పనిలేదు. పూర్ణకుంభమును గూడ వారిచేతనే వెదకింపవచ్చును. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోని పూర్ణకుంభమునకు మూలము అమరావతి శిల్పమే.

ఇక చెన్నపట్టణము. ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియమునకును శుక్రవారమే సెలవు. గురువారము రాత్రి రైలెక్కి ఉత్సాహముతో దిగినవారికి మూసిన గేటు ఎదురగును. కనుక రైలు టిక్కెట్టు కొనునప్పుడే వారము చూచుకొనవలెను. మరమ్మతులకై ఒక్కొక్క విభాగమును కొంతకాలము మూసియుంచుట ఏ మ్యూజియములోనైన కలదు. అమరావతి విభాగము తెరచియున్నదా యని ముందుగా కనుక్కొనుట మేలు. కెమెరాకు వేరుగా రుసుము చెల్లింపవలెను. నా మాట విందురేని కెమెరా మాని, ఒక పెన్సిలు, చిన్న పుస్తకము తీసికొనిపొండు. బొమ్మ గీయుట రాకపోయినను సరే. వంకరగీతలైన గీయుటకు ప్రయత్నించునప్పుడే, చూడకుండ విడిచినది కంటబడును.

అచ్చట తప్పక చూడవలసినది నలగిరి యను మదపుటేనుగు కథ చెక్కిన గుండ్రని ఫలకము. ఒకే వలయములో ఒక ప్రక్క ఏనుగు మనుష్యులను తొక్కుచు పరుగెత్తుచున్నది. మరియొక ప్రక్క ఆ ఏనుగే బుద్ధుని పాదములయొద్ద మోకరిల్లియున్నది. భీతిల్లిన స్త్రీ ప్రక్కనున్నవానిని పట్టుకొని వెనుకకు ఒరుగుచున్నది. మేడ కిటికీలనుండి జనము తొంగిచూచుచున్నారు. వీధిలో అల్లరి జరిగినప్పుడు మన ఊళ్లలో నేటికిని ఇట్లే చూతురుగదా! ఈ ఒక్క రాతికై చెన్నపట్టణము పోవచ్చునని నా అభిప్రాయము.

లండనుకు అందరును పోలేరు. కాని నేడు చదువులకు, ఉద్యోగములకు అచ్చట చేరిన తెలుగు బిడ్డలు అనేకులు. వారిని చూచుటకు వెళ్లు తల్లిదండ్రులును అనేకులే. బ్రిటిష్ మ్యూజియమున ప్రవేశము ఉచితము. ముందుగా పేరు నమోదు చేసికొన్నచో వాకిట నిరీక్షించు బాధ తగ్గును, పెద్దపెట్టెలతో పోరాదు. ఈజిప్టు శవపేటికలయొద్ద గుంపులో చిక్కుకొనక, తిన్నగా 33ఎ గదికి దారి అడుగుడు. అమరావతి అచ్చట నున్నది. రెండు వైపుల చెక్కిన రాయి ఒకటి ఆ మ్యూజియము సొత్తు: ఒక వైపున బోధివృక్షము, దానిక్రింద ఖాళీ సింహాసనము; శతాబ్దముల తరువాత అదే రాతిని త్రిప్పి, రెండవ వైపున స్తూపమును చెక్కినారు. బుద్ధుని రూపము చెక్కని కాలమునకు ఆ ఖాళీ సింహాసనము సాక్షి. ఎగ్మూరులో ఏనుగు యెదుట నిలిచిన బుద్ధుని చూచినవారికి ఇది సులభముగా తెలియును.

ప్రవేశము ఉచితము గనుక అంతయు ఒక్కనాడే చూడవలెనను ఆత్రము అక్కరలేదు. ఆ ఊరిలో కాపురమున్నవారు అరగంట చొప్పున పలుమార్లు పోవచ్చును. డిసెంబరు 24, 25, 26 తేదీలలో మాత్రము మూసియుంచెదరు. మన రెండు మ్యూజియములును శుక్రవారము తలుపులు మూయుచుండగా, అచ్చట శుక్రవారమే రాత్రి 8.30 గంటలదాక తెరచియుంచెదరు. పని ముగించుకొని పోవువారికి ఆ వేళ అనుకూలము.