బెజవాడ పట్టాలు మారిన తీరు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రైల్వేలో పనిచేసినవాణ్ణి కాను. ఫైళ్ళ మధ్య గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. అయినా ఈ ఊరివాడిగా పట్టాల గురించి నాలుగు మాటలు చెబుతాను.

మన స్టేషను 1888లో ఏర్పడింది. 1889లో నిజాం రైల్వే సికింద్రాబాదు నుంచి వచ్చి కలిసింది. 1899 నవంబరు 1న మద్రాసు దారి కలిసింది. ఇవి బ్రాడ్ గేజి, అంటే పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు. ఆ తరువాత వేసిన బందరు దారి మాత్రం మీటరు గేజి, 1000 మిల్లీమీటర్లు. ఒకదాని మీద నడిచే పెట్టె రెండోదాని మీద నడవదు. అందుచేత బందరు వైపు నుంచి వచ్చిన సరుకు మద్రాసు వెళ్ళాలంటే ఇక్కడ బస్తా బస్తా దింపి మళ్ళీ ఎక్కించవలసిందే. కొలత మారాక సరుకు దింపుడు తప్పింది. దాని మీద బతికే కూలీల పనీ పోయింది.

కొలత మారినా డెల్టాలో ఒంటి లైనే మిగిలింది. 1983లో భీమవరంలో నాన్నగారికి జబ్బు చేసిందని కబురొస్తే, ఆఫీసు నుంచే సాయంత్రం బండెక్కాను. దారిలో ఒక చిన్న స్టేషనులో బండి ఆగిపోయింది. అడిగితే, "ఎదురు బండి రావాలండీ" అన్నారు. దగ్గర దగ్గర గంట నిలిచాం. ఇల్లు చేరేసరికి అక్కయ్య గుమ్మంలో ఉంది. "ఇందాకటిదాకా నీ పేరే అడిగారురా" అంది. నాన్నగారు మరి మాట్లాడలేదు.

నాకెవరి మీదా కోపం లేదు. ఒంటి పట్టా మీద ఎవరో ఒకరు ఆగాలి. ఆ ఎదురు బండిలోనూ నాలాంటి వాడొకడు ఉండే ఉంటాడు.

విజయవాడ, గుడివాడ, భీమవరం, నరసాపురం, మచిలీపట్నం, నిడదవోలు దారుల్లో 221 కిలోమీటర్ల మేర రెండో లైను, విద్యుదీకరణ 2011-12లో మంజూరయ్యాయి. నేడు ఆ దారిన జంట పట్టాలు చూస్తే ఆ రాత్రే గుర్తొస్తుంది.

చివరగా ఒక మనవి. మనలో రైల్వే కుటుంబాల వారున్నారు. మీటరు గేజి బండి ఎక్కడ ఆగేదో, సరుకు ఎక్కడ మార్చేవారో, ఎవరు ఏ పని చేశారో తెలిసినంత రాసి సంఘానికివ్వండి. పాత డ్రాయింగుల్లో పట్టాలుంటాయి గాని మనుషులుండరు. చేతికి రాత కుదరకపోతే మనవడి చేత రాయించండి.