వీడియో కాల్‌లో టీకా కార్డు చూపించమనండి



మనం గల్ఫ్‌లో ఉన్నా, ఊర్లో పసిబిడ్డకు సూది వేయించాలా వద్దా అన్నది చాలా ఇండ్లల్లో మన ఫోన్ మాట మీదే ఆగుతుంది. "సూదేస్తే జరమొస్తది, వద్దులే" అంటాం. ఆ జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. న్యుమోనియా అట్లా కాదు. ఊపిరితిత్తులు చీము, నీటితో నిండి బిడ్డకు శ్వాస అందదు, ప్రాణం మీదికొస్తుంది.

ఈ జబ్బు తెచ్చే ముఖ్యమైన క్రిమి న్యుమోకాకస్. దాన్ని అడ్డుకునే పీసీవీ టీకాను 2021 నుంచి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సర్కారు ఉచితంగా వేస్తున్నది. 6 వారాలకు ఒకటి, 14 వారాలకు ఇంకొకటి, 9 నెలలకు బూస్టర్. 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ కూడా న్యుమోనియా తెచ్చే హిబ్ అనే మరో క్రిమి నుంచి కాపాడుతుంది.

టీకా అన్ని రకాల న్యుమోనియాను ఆపలేదు. అందుకే బిడ్డ డొక్కలెగరేసినా, పాలు తాగకపోయినా, మన ఫోన్ కోసం చూడకుండా వెంటనే దవాఖానకు తీసుకపొమ్మని ఇప్పుడే చెప్పి పెట్టండి.

ఈ రాత్రి వీడియో కాల్‌లో టీకా కార్డు చూపించమనండి. ఏదైనా డోసు తప్పితే, ఆలస్యం చేయకుండా ఆశమ్మను గానీ, ఏఎన్ఎంను గానీ కలవమనండి. పైసలు పంపినంత పదిలంగా ఈ మాట కూడా పంపుదాం.