సముద్రం లేని ఊళ్లో ఓడ ఇంజన్లు

(మన బడి స్వర్ణోత్సవాల సందర్భంగా మాదాపూర్‌లో జరిగిన హైదరాబాద్ పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ నమ్మకం కలగలేదు. హైటెక్ సిటీలో కూర్చుని ఓడ ఇంజన్ల భాగాలకు డ్రాయింగులు చేస్తామని చెబితే, ‘అక్కడ సముద్రమెక్కడుందిరా?’ అంటుంది. నిజమే. మా ఆఫీసు కిటికీలోంచి కనబడే నీళ్లు దుర్గం చెరువే. విశాఖ రేవుకు వెళ్లాలంటే ఆరువందల కిలోమీటర్ల పైమాటే. అయినా ఈ పని ఇక్కడికి ఎలా వచ్చింది, ఇందులో మన వాటా ఎంత అన్నది ఇవాళ నాలుగు మాటల్లో చెబుతాను.

బడి వెనక బావి మీది ఆయిల్ ఇంజను మీకు గుర్తుండే ఉంటుంది. ఐదు హార్స్‌పవర్ ఇంజను. హ్యాండిల్ తిప్పితే దగ్గి, పొగ కక్కి, నిమిషానికి పదిహేను వందల చుట్లు తిరిగేది. ఇక 2006లో నీళ్లలోకి దిగిన ‘ఎమ్మా మెర్స్క్’ అనే కంటైనర్ ఓడ ఇంజను చూడండి. పద్నాలుగు సిలిండర్లు. బరువు 2,300 టన్నులు. ఎత్తు పదమూడు మీటర్ల పైన, అంటే నాలుగంతస్తుల మేడ. శక్తి సుమారు 1,09,000 హార్స్‌పవర్. ఇంత చేసి అది తిరిగేది నిమిషానికి 102 చుట్లే. పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగితేనే నీటిని బాగా నెడుతుంది, నూనె తక్కువ ఖర్చవుతుంది. అందుకే మధ్యలో గేర్‌బాక్స్ కూడా లేకుండా ఇంజనును నేరుగా ప్రొపెల్లర్ షాఫ్టుకు కలిపేస్తారు.

ఆ ఇంజను ఎవరిది? దాని మీదున్న పేరు ఫిన్లాండ్ కంపెనీ వార్ట్‌సిలాది. ఆ డిజైను వేళ్లు స్విట్జర్లాండ్‌లోని సుల్జర్ కంపెనీలో ఉన్నాయి. ఇనుము పోసి, బిగించి తయారుచేసింది కొరియాలోని దూసాన్. ఓడ కట్టింది డెన్మార్క్‌లో. ఒక్క ఇంజనుకు ఇన్ని ఊళ్లు. ఈ వ్యాపారం నడిచే తీరే ఇది.

సముద్రాలు దాటే పెద్ద ఓడల టూ స్ట్రోక్ ఇంజన్లకు ఇవాళ ప్రపంచం మొత్తం మీద ముఖ్యమైన డిజైనర్లు ముగ్గురే. మొదటిది మొన్నటిదాకా మ్యాన్ అని పిలిచిన సంస్థ. 2025లో ఎవర్‌లెన్స్ అని పేరు మార్చుకుంది. దాని టూ స్ట్రోక్ డిజైన్ ఆఫీసు కోపెన్‌హాగెన్‌లో ఉంది. 1912లో ‘సెలాండియా’ అనే తొలితరం డీజిల్ సముద్ర నౌకను తయారుచేసిన బర్మైస్టర్ అండ్ వైన్ వారసత్వం అది. రెండోది స్విట్జర్లాండ్‌లోని విన్‌జీడీ. అది సుల్జర్ వారసురాలు, ఇప్పుడు చైనా ప్రభుత్వ నౌకా సంస్థ చేతిలో ఉంది. మూడోది జపాన్ ఇంజన్ కార్పొరేషన్. వీళ్ల డ్రాయింగులను లైసెన్సు మీద తీసుకుని కొరియా, చైనా, జపాన్ కార్ఖానాలు ఇంజన్లు తయారుచేస్తాయి. తయారైన ప్రతి ఇంజను మీదా దాని శక్తిని బట్టి డిజైనరుకు రాయల్టీ ముడుతుంది.

మన భాషలో చెప్పాలంటే విత్తనం ఒకరిది, పొలం ఒకరిది, చాకిరీ ఇంకొకరిది. విత్తనం ఎవరిదో వాళ్లకు ప్రతి పంటలోనూ వాటా ఉంటుంది.

అమ్మిన రోజుతో వ్యాపారం అయిపోదు. ఓడ పాతికేళ్లు తిరుగుతుంది. అన్నాళ్లూ పిస్టన్ రింగులు, ఇంజెక్టర్లు, బేరింగులు మారుస్తూనే ఉండాలి. వార్ట్‌సిలా ఆదాయంలో దాదాపు సగం సర్వీసు నుంచే వస్తుంది.

ఇప్పుడు ఈ వ్యాపారం మూలాల నుంచి కదులుతోంది. 2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గాలని అంతర్జాతీయ నియమం వచ్చింది. 2050 నాటికి లేదా ఆ ప్రాంతాలకు ఓడల వల్ల వచ్చే కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవాలని 2023లో దేశాలన్నీ లక్ష్యం పెట్టుకున్నాయి. అదే ఏడాది మెథనాల్‌తో నడవగల ‘లారా మెర్స్క్’ కంటైనర్ ఓడ ప్రయాణం మొదలుపెట్టింది. ఎల్‌ఎన్‌జీ ఉంది, అమ్మోనియా వస్తోంది. మెథనాల్‌లో అదే పరిమాణం నూనెతో పోలిస్తే సగం శక్తే ఉంటుంది కాబట్టి ట్యాంకు పెరగాలి. అమ్మోనియా విషం కాబట్టి గొట్టానికి బయట ఇంకో గొట్టం వేయాలి. అంటే నూరేళ్ల నాటి డ్రాయింగులన్నీ మళ్లీ తెరవాల్సి వచ్చింది. ఆ పనిలో కొంత మన మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల టేబుళ్ల మీదికి చేరుతోంది.

ఇంజన్ల డ్రాయింగు పని హైదరాబాద్‌కు కొత్త కాదు. 1991లో బి.వి.ఆర్. మోహన్ రెడ్డి గారు ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పెట్టారు. అదే ఇప్పటి సైయెంట్. ఆ సంస్థ ప్రాట్ అండ్ విట్నీ విమాన ఇంజన్లకు ఇక్కడి నుంచే ఇంజనీరింగ్ పని చేసింది. మనవాళ్లకు లెక్క తెలుసు, సాఫ్ట్‌వేర్ తెలుసు. అందులో సందేహం లేదు. మరి లోపమెక్కడ? నా సంగతే చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆయిల్ ఫిల్టర్ దగ్గరి పైపు దారి మార్చే పని నాకిచ్చారు. పైపు పొడవు తగ్గించాను, బ్రాకెట్ ఒకటి తీసేశాను. స్క్రీన్ మీద ముచ్చటగా ఉంది, అందరూ మెచ్చుకున్నారు. కొన్ని నెలలకు ఒక ఓడ చీఫ్ ఇంజనీరు నుంచి ఫోటో వచ్చింది. నేను గీసిన పైపు వెనకాల ఒక నట్టు ఉండిపోయింది. దాని మీద పానా పడుతుంది గానీ తిరగడానికి చోటు లేదు. ఊగే ఓడలో, ఆ వేడిలో, గంట పనికి పైపంతా ఊడదీసి రోజంతా కష్టపడ్డారట. ఆయన కోపంగా రాయలేదు. ‘ఈ ఇంజను ఎప్పుడైనా విప్పి చూశారా?’ అని మాత్రం అడిగారు. నేను చూడలేదు. నా బృందంలో ఎవరూ చూడలేదు.

ఆ రాత్రి నాకు మన సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. ఇంజను పాఠం రోజు మనల్ని బావి దగ్గరికి తీసుకెళ్లి, రైతును బతిమాలి, ఇంజను తల విప్పించారు. ‘ముందు చెయ్యి పెట్టి చూడండిరా, బొమ్మ తర్వాత గీద్దురు గాని’ అన్నారు. ఆ సాయంత్రం మన చొక్కాలు చూసి ఇళ్లలో ఎంత తిట్లు తిన్నామో! ఆ మాట నాకు పదోతరగతి దాకా గుర్తుంది. ఇంజనీరునయ్యాక మరిచిపోయాను.

తర్వాత సెలవు పెట్టుకుని విశాఖ వెళ్లాను. తెలిసినవారి సాయంతో ఒక ఓడ ఇంజన్ రూములోకి దిగాను. నిచ్చెన మెట్లు, చెవులు గింగురుమనే చప్పుడు, చెమట. అక్కడి ఫిట్టర్లు ఒక్క గంటలో నేర్పింది నాకు ఏ సాఫ్ట్‌వేరూ నేర్పలేదు. అప్పటి నుంచి ఏ బొమ్మ పంపినా, పానా ఎక్కడ తిరుగుతుందో ముందు గీసుకుంటాను.

1948 మార్చి 14న అదే విశాఖలో ‘జల ఉష’ నౌకను నెహ్రూ గారు జలప్రవేశం చేయించారు. అంత పాత చరిత్ర ఉన్నా, ప్రపంచ నౌకా నిర్మాణంలో మన దేశం వాటా ఇప్పటికీ ఒక శాతం లోపే. ఈ లోటు తీర్చడానికి 2025 సెప్టెంబరులో కేంద్రం 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఆరు మెగావాట్ల మెరైన్ డీజిల్ ఇంజనును ఇక్కడే డిజైన్ చేసి తయారుచేయడానికి నౌకాదళం కిర్లోస్కర్‌తో ఒప్పందం చేసుకుంది. ఖర్చు 270 కోట్లు. మన బావి మీది ఇంజను మీద ఉన్నదీ అదే పేరు! కొరియా హ్యుందాయ్ కూడా మొదట ఇతరుల డ్రాయింగులతోనే ఇంజన్లు చేసింది. చేసి చేసి, 2000 ప్రాంతంలో హిమ్‌సెన్ అని సొంత ఫోర్ స్ట్రోక్ ఇంజను తెచ్చింది. చేత్తో చేసినవాడికే సొంత బొమ్మ గీసే ధైర్యం వస్తుంది. మనం మాత్రం ఇనుము ముట్టకుండానే బొమ్మ దగ్గర మొదలుపెట్టాం. అందుకే గంటకింత అని కూలి వస్తోంది గానీ రాయల్టీ రావడం లేదు.

చివరిగా ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో బడికి కంప్యూటర్ గది కట్టాలని మన సంఘం అనుకుంటోంది. కట్టండి, నా వంతు నేనూ ఇస్తాను. దాని పక్కనే ఒక రేకుల షెడ్డు వేయండి. అందులో పాత ఆయిల్ ఇంజను ఒకటి, ఒక బెంచీ, ఒక పానాల సెట్టు పెట్టండి. ఏడాదికి నాలుగు శనివారాలు వచ్చి పిల్లల చేత దాన్ని విప్పించి బిగించే పూచీ నాది. మళ్లీ బిగిస్తే నాలుగు నట్లు మిగలొచ్చు. ఫరవాలేదు, మనకూ మిగిలాయి.

మాస్టారూ, మీరు ముందు వరసలోనే ఉన్నారు. ఆ షెడ్డులో మొదటి నట్టు మీ చేత్తోనే విప్పించాలని నా కోరిక.