ఎవరు చేస్తారు? ఎప్పటికి చేస్తారు?

(వార్షిక సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





నాలుగు మాటలు చెప్పమని పెద్దలు ఆదేశించారు. ఎవరికి ఫీజులు కట్టాం, ఎంత ఖర్చయింది అన్న లెక్కలు ఈ సంచికలోనే వేరేగా ఉన్నాయి. ఆ లెక్కల వెనుక జరిగే పని గురించి ఇవాళ మాట్లాడదలచుకున్నాం. ఒకరికొకరు కనిపించనంత దూరంలో ఉన్నవాళ్లు కలిసి ఒక పనిని ఎలా నడపాలి అన్నదే విషయం. కమిటీలో ఎక్కువమందిమి బడిపంతుళ్లమే. పాఠం చెప్పినట్టు అనిపిస్తే మన్నించండి.

2020 మార్చి వరకు మాకు ఈ చిక్కు లేదు. అసర్ నమాజు అయ్యాక మసీదు వరండాలో కూర్చునేవాళ్లం. దరఖాస్తులు చేతులు మారేవి. ఏ పని ఎవరిదో అక్కడే తేలిపోయేది. లాక్‌డౌన్‌తో ఆ కూర్చోవడం ఆగిపోయి, మాటలన్నీ ఫోన్లలోకి వెళ్లాయి. ఒక రకంగా మేలే జరిగింది. బతుకుతెరువు కోసం ఊరు దాటిన మన పిల్లలు కూడా కమిటీలో చేరారు. ఇప్పుడు ఒకరు గుంటూరులో, ఒకరు కడపలో, ఇద్దరు హైదరాబాదులో, ఒకరు రియాద్‌లో, ఒకరు దుబాయిలో, ఒకరు డల్లాస్‌లో ఉన్నారు. చేతులు పెరిగాయి. పని మాత్రం ఆ మేరకు పెరగలేదు. ఎందుకో ఒక అమ్మాయి వల్ల మాకు తెలిసింది.

తండ్రి దర్జీ. అమ్మాయి ఇంటర్ మంచి మార్కులతో పాసై, కౌన్సెలింగ్‌లో సీటు తెచ్చుకుంది. శనివారం సాయంత్రంలోగా ఫీజు కట్టి కాలేజీలో రిపోర్టు చేయాలి. బుధవారమే ఆ సంగతి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాం. పదకొండు మంది బొటనవేలు గుర్తు పెట్టారు. కొందరు ‘ఇన్షా అల్లాహ్, చూద్దాం’ అని రాశారు. హైదరాబాదు వాళ్లు కడతారని గుంటూరు వాళ్లు అనుకున్నారు. రియాద్ నుంచి డబ్బు వేశారేమోనని హైదరాబాదు వాళ్లు అనుకున్నారు. ఆదివారం పొద్దున ఆ తండ్రి ఫోన్ చేసి, ‘కట్టేశారా సార్?’ అని అడిగేదాకా ఎవరూ కట్టలేదన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు. సీటు పోయింది. అమ్మాయికి ఒక ఏడాది పోయింది.

ఆ రోజు మన ఖాతాలో డబ్బుంది. చేసే మనుషులూ ఉన్నారు. ఫలానావారు కడతారు అన్న ఒక్క పేరు లేదు. తప్పు మాదే. దాతలు ఇచ్చిన సొమ్ము మా దగ్గర అమానత్. ఆ అమానత్‌ను మేము వాడుకోలేదు కానీ, వేళకు చేర్చలేకపోయాం. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

తరువాత ఆలోచిస్తే, ఈ పాఠం మాకు బడిలో ఎప్పటినుంచో తెలిసిందే. పాఠమయ్యాక ‘అర్థమైందా?’ అంటే క్లాసంతా ‘అయింది సార్’ అంటుంది. మూడో బెంచీలో పిల్లవాణ్ణి పేరుపెట్టి లేపితే గాని అసలు సంగతి బయటపడదు. గ్రూపులో బొటనవేలు గుర్తు కూడా ‘అయింది సార్’ లాంటిదే. ఎదురుగా ఉంటే ముఖం చూసి పట్టుకుంటాం. దూరంలో ముఖం ఉండదు. కనుక పేరుపెట్టి అడగాలి.

మేము పెట్టుకున్న మొదటి నియమం అదే. ఒక పనికి ఒకే పేరు, ఒకే గడువు తేదీ. సాయం చేసేవాళ్లు ఎందరైనా ఉండవచ్చు, జవాబుదారీ మాత్రం ఒక్కరే. లోకంలో పెద్ద పనులు కూడా ఇలాగే నడుస్తున్నాయి. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లకు మూలమైన లైనక్స్‌ను 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. తరువాత ఎన్నో దేశాలవాళ్లు, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే దాన్ని పెంచారు. అందులో ఏ భాగం ఎవరి బాధ్యతో పేర్లతో రాసిన జాబితా ఒకటి ఉంటుంది. ఏ మార్పు ఎవరు చేశారో కూడా నమోదై ఉంటుంది.

రెండో నియమం, రాసి పెట్టడం. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పు లావాదేవీలను రాసుకోవడం గురించినదని మనకు తెలుసు. ఎదురెదురుగా ఉన్నవాళ్లకే రాత అవసరమైనప్పుడు, ఎడారికి అవతల ఉన్నవాళ్లకు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. గ్రూపులో మాట పైకి జరిగిపోతుంది. కనుక ప్రతి దరఖాస్తూ ఇప్పుడు అందరూ చూడగలిగే ఒక గూగుల్ షీట్‌లో ఉంది. విద్యార్థి పేరు, కట్టాల్సిన ఫీజు, గడువు, బాధ్యుడు, ఎంతవరకు వచ్చింది. ఎవరికైనా జ్వరం వచ్చినా, సెలవు దొరక్కపోయినా మరొకరు అక్కడినుంచి అందుకోవచ్చు.

మూడోది వేళ. మనకు ఆదివారం సెలవు, సౌదీలో ఆదివారం పని. వాళ్ల సెలవు శుక్ర, శనివారాలు. వెతికి వెతికి శనివారం రాత్రి తొమ్మిదిన్నర పట్టుకున్నాం. అప్పుడు రియాద్‌లో ఏడు, దుబాయిలో ఎనిమిది, డల్లాస్‌లో వేసవిలో ఉదయం పదకొండు, చలికాలంలో పది. ఎవరి నిద్రా చెడదు. మాట్లాడేది అరగంటే. వివరాలు షీట్‌లో చదివి రావాలి. చిక్కుపడిన వాటి గురించే మాట్లాడతాం.

నాలుగోది నమ్మకం. ఇందులోనూ మేము పొరపాటు చేశాం. కడపలో ఒక కుర్రవాడు దరఖాస్తుదారుల ఇళ్లకు వెళ్లి విచారించేవాడు. అమ్మాయి సంగతి జరిగాక మాకు భయం పట్టుకుంది. ‘వెళ్లావా? ఎంతవరకు వచ్చింది?’ అని రోజుకు మూడుసార్లు ఫోన్ చేశాం. వారానికల్లా అతను ఫోన్ ఎత్తడం మానేశాడు. జీతం లేకుండా చేస్తున్న మనిషిని అనుమానించినట్టయింది. మేమే కడప వెళ్లి, వాళ్లింట్లో కూర్చుని క్షమాపణ అడిగాం. అల్‌హమ్‌దులిల్లాహ్, తిరిగి వచ్చాడు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఈజిప్టు, ఇరాక్, సిరియాలలో గవర్నర్లు ఉండేవారు. ఆ రోజుల్లో కబురు చేరాలంటేనే ఎన్నో రోజులు పట్టేది. ఆయన పని అప్పగించేవారు, హజ్ సమయంలో వాళ్లను పిలిపించేవారు, ప్రజల ఫిర్యాదులు వినేవారు, ఫిర్యాదు వస్తే విచారణకు ముహమ్మద్ బిన్ మస్లమా (రజి)ను పంపేవారు అని చరిత్రకారులు రాశారు. నమ్మి అప్పగించడం, నియమం ప్రకారం విచారించడం, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. ఇప్పుడు మేము ఎన్ని గంటలు చేశావని అడగం. అనుకున్న తేదీకి పని అయిందా అని చూస్తాం. తప్పు దొరికితే గ్రూపులో రాయం, విడిగా ఫోన్ చేసి మాట్లాడతాం. మెచ్చుకోవలసింది మాత్రం అందరి ముందూ చెబుతాం.

ఇక దాతలకు రెండు విన్నపాలు. మీరు మాకు పైవారు కారు, ఈ దూరపు జట్టులో మీరూ ఒక భాగం. లెక్క అడగడం మీ హక్కు. అయితే పదిమందిని పదిరకాలుగా అడగకుండా, మీకు తెలియజేసిన ఒక్క బాధ్యుణ్ణి అడగండి. మూడు నెలలకొకసారి రాతలో జవాబు ఇస్తాం.

రెండోది, కొంచెం మొహమాటంగానే అడుగుతున్నాం. ‘మేమిచ్చిన ప్రతి రూపాయీ పిల్లలకే చేరాలి, ఖర్చులకు పోకూడదు’ అని చాలామంది అంటారు. ఆ మాటలోని మనసు మాకు తెలుసు. జకాత్ సొమ్మును ఈ పనికి ముట్టుకోం. కానీ ఇల్లిల్లూ తిరిగేవాళ్లకు బస్సు చార్జీలు కావాలి. ఏడాదికొకసారైనా అందరం ఒకచోట కూర్చుని, ఒకే దస్తర్‌ఖాన్ మీద భోంచేయాలి. ఒకసారి కలిసి తిన్నాక ఫోన్‌లో గొంతు వేరుగా వినిపిస్తుంది. దానికోసం సదకాలోంచి కొంత, ఇచ్చినవారు ఇష్టపూర్వకంగా అనుమతిస్తేనే, విడిగా పెట్టమని కోరుతున్నాం.

ఆ అమ్మాయి మరుసటి ఏడు మళ్లీ సీటు తెచ్చుకుంది. ఈసారి షీట్‌లో ఆమె పేరు ఎదురుగా ఒక బాధ్యుడి పేరు ఉంది. గడువుకు నాలుగు రోజుల ముందే ఫీజు కట్టాం. పోయిన ఏడాదిని మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాం. ఇంకే పిల్లకూ అలా జరగకుండా చూసే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.